విక్టరీ ఓడ అడుగుకి పచ్చరంగు వెయ్యాలా?

ప్రశ్న: బ్రిటిష్ యుద్ధనౌక హెచ్ఎంఎస్ విక్టరీ చెక్క మోడల్ కడుతున్నానండీ, 1805 ట్రఫాల్గర్ సముద్ర యుద్ధం నాటి రూపంలో. అడుగుభాగం రాగి రంగు వేశాక పాతబడినట్టు కనబడాలంటే మొత్తం చిలుం పచ్చ వేసెయ్యొచ్చా?

జవాబు: మొత్తం వద్దండీ, ప్లీజ్. విక్టరీకి 1780లో అడుగున రాగిరేకులు కొట్టారు, చెక్కని తొలిచే పురుగులు చేరకుండా, నాచు, గవ్వలు పట్టకుండా. సముద్రంలో రాగి పైపొర కొద్దికొద్దిగా కరిగిపోతూ ఉంటుంది, ఆ కరగడం వల్లే అవి అంటుకోవు. అందుకే నీళ్ళలో తిరిగే ఓడకి అడుగంతా మెరుపు లేని గోధుమరంగే బాగుంటుంది, పచ్చ మాత్రం గాలీ నీళ్ళూ మారిమారి తగిలే వాటర్‌లైన్ దగ్గర సన్నగా చాలు.

ముందు చెక్కకి సాండింగ్ సీలర్ (చెక్క సందులు పూడ్చే పూత) పూసి, ఆరాక 400 నంబర్ ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్దండి, ఇది వదిలేస్తే చెక్క నూగు లేచి రంగంతా గరుకైపోద్ది. తర్వాత అక్రిలిక్ రాగి రంగు పల్చగా రెండు మూడు పూతలు, దాని మీద మ్యాట్ (మెరవని) వార్నిష్, అది పూర్తిగా ఆరాక ముదురు గోధుమరంగు బాగా నీళ్ళు కలిపి పూసి వెంటనే గుడ్డతో పైనుంచి కిందకి తుడవండి. అడ్డంగా తుడిస్తే పని మొత్తం పాడైనట్టే, ఎందుకంటే వాన నీళ్ళు, డెక్కు నీళ్ళు కారేది కిందకే కదా! నీళ్ళు బయటికొచ్చే రంధ్రాల కింద, ఇనుప బిగింపుల కింద మాత్రం చారలు కాస్త ముదురుగా పెట్టండి. ఇంకోటి, విక్టరీ అడ్మిరల్ (నౌకాదళ సేనాని) ఎక్కిన ఓడ, దాని పసుపు నలుపు పట్టీలు మరీ మురికిగా చెయ్యకండి, సిబ్బంది రోజూ చూసుకునే ఓడలా ఉండాలి.