పేస్‌మేకర్ వేశాక కూడా గుండె దడ, ఆక్సిమీటర్‌లో పల్స్ 42: మిషన్ పాడైనట్టేనా?

మీ నాన్నగారికి పేస్‌మేకర్ వేసి నాలుగు నెలలైందని రాశారు. ఇప్పుడు రాత్రిపూట దడ వస్తోందని, గుండె ఒక్కోసారి ఆగి కొట్టినట్టు ఉంటోందని, ఆక్సిమీటర్ పెడితే పల్స్ 42 చూపిస్తోందని, మిషన్ పాడైందేమోనని అడిగారు. నేను డాక్టర్ని కాదమ్మా. హార్ట్ బ్లాక్ వచ్చి రెండు వైర్ల పేస్‌మేకర్ వేయించుకున్న రిటైర్డ్ టీచర్ని, తెనాలిలో ఉంటాను. మీరు చెప్పినవన్నీ నాకూ వచ్చాయి కాబట్టి రాస్తున్నాను.

దడతో పాటు స్పృహ తప్పడం, కళ్ల ముందు చీకట్లు కమ్మడం, ఛాతీలో నొప్పి, ఆయాసం వీటిలో ఏది వచ్చినా ఈ జవాబు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అలాంటివి లేవని రాశారు కాబట్టే మిగతాది చెబుతున్నాను.

పేస్‌మేకర్ చేసే పని మనం అనుకునేదాని కంటే చాలా చిన్నది. గుండె పై గదుల్లో పుట్టే కరెంటు కింది గదులకు చేరకపోతే కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. హార్ట్ బ్లాక్ అంటే ఇదే. నాకు 34కి పడిపోయి వంటింట్లోనే కుప్పకూలాను. ఈ మిషన్ ప్రతి బీట్‌నీ గమనిస్తూ ఉంటుంది. డాక్టర్ సెట్ చేసిన వేగం, చాలామందికి నిమిషానికి 60, దానికంటే ఆలస్యమైతే వైరు ద్వారా చిన్న కరెంటు పంపి గుండెను కొట్టిస్తుంది. అంతవరకే. గుండె తనంతట తాను వేగంగా కొట్టుకున్నా, మధ్యలో ఒక బీట్ తొందరపడి ముందే వచ్చినా దాన్ని ఆపలేదు. నిద్రపోయే పిల్లాణ్ణి తట్టి లేపుతుంది గానీ పరిగెత్తేవాణ్ణి పట్టుకోలేదు. వేగాన్ని ఆపడానికి షాక్ ఇచ్చే మిషన్లు వేరే ఉన్నాయి. ఆపరేషన్ అయ్యాక ఈ తేడా మాకెవరూ విడమర్చి చెప్పలేదు. 'మిషన్ ఉందిగా, ఇక దడేమిటి' అని ఇంట్లో అందరూ కంగారుపడ్డారు.

ఇక ఆ 42 సంగతి. నాకైతే 38 చూపించింది. 60 కంటే తగ్గకూడదని డాక్టర్ చెప్పిన గుండెకు 38 ఏమిటని మా వారు అర్ధరాత్రి కారు తీయించారు. క్యాజువాలిటీలో ఈసీజీ తీశారు. ఆ డ్యూటీ డాక్టరు కుర్రాడు ఈసీజీ కాగితం మీద పెన్ను పెట్టి చూపించాడు. ఒకటి మామూలు బీట్, దాని వెనకే తొందరపడి వచ్చిన ఎక్స్‌ట్రా బీట్, మళ్లీ మామూలు బీట్, మళ్లీ ఎక్స్‌ట్రా. ముందే వచ్చిన బీట్‌కు గుండె రక్తంతో నిండే టైం ఉండదు. అది తోసే రక్తం తక్కువ, వేలి కొస దాకా ఆ పొంగు అందదు. ఆక్సిమీటర్ గుండెను చూడదు, వేలిలో వచ్చే పొంగును లెక్కపెడుతుంది. అంటే గుండె 76 సార్లు కొట్టినా దానికి అందులో సగమే కనబడుతుంది. ఇంట్లో బీపీ మిషన్ చూపించే పల్స్‌దీ ఇదే కథ. ఎక్స్‌ట్రా బీట్ తర్వాత కాస్త ఖాళీ వస్తుంది, అదే మనకు 'ఆగినట్టు' అనిపించేది. ఆ ఖాళీలో గుండె ఎక్కువగా నిండి తర్వాతి బీట్ గట్టిగా తగులుతుంది, అది 'గుద్దినట్టు'.

నాకు అవి ఎందుకు వచ్చాయో రక్తపరీక్షలో తేలింది. పొటాషియం తగ్గింది. బీపీకి వాడుతున్న మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంది, దాంతో పాటే పొటాషియం కూడా పోతుంది. కార్డియాలజిస్ట్ ఆ మాత్ర మార్చి, దడ తగ్గించే బీటా బ్లాకర్ ఇచ్చారు. హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకు పేస్‌మేకర్ లేకుండా ఆ మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు, గుండె ఇంకా నెమ్మదిస్తుందని. ఇప్పుడు కింద 60 దగ్గర మిషన్ కాపలా ఉంది కాబట్టి ధైర్యంగా ఇవ్వగలిగారు. నాకు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇప్పటికీ నిద్ర చాలకపోయినా, టీలు ఎక్కువైనా వస్తుంటాయి.

అయితే మీ నాన్నగారిది కూడా ఇదేనని ఇంట్లో కూర్చుని తేల్చేయకండి. మొదటి నెలల్లో వైరు కాస్త కదలడం జరుగుతుంది. అప్పుడు మిషన్ పంపే కరెంటు గుండెకు సరిగా అందక పల్స్ నిజంగానే పడిపోవచ్చు. రెండూ ఆక్సిమీటర్‌లో ఒకేలా కనిపిస్తాయి. తేల్చేవి ఈసీజీ, పేస్‌మేకర్ చెకింగ్. దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించగలిగితే సగం పని అయినట్టే.

చెకింగ్ అంటే భయపడాల్సిందేమీ లేదు. సూది ఉండదు, కోత ఉండదు. ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి పక్కన కంప్యూటర్‌లో చూస్తారు. కాసేపు మిషన్ వేగం పెంచి తగ్గిస్తారు, అప్పుడు కొంచెం వింతగా ఉంటుంది, అంతే. బ్యాటరీ ఎంత ఉంది, వైర్లు ఎలా ఉన్నాయి, గుండె ఎప్పుడెప్పుడు వేగంగా కొట్టుకుంది, తేదీ టైముతో సహా బయటికొస్తాయి. అందుకే ఒక నోటుబుక్ పెట్టండి. దడ వచ్చిన తేదీ, టైం, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది, ఇంతే రాయండి. మిషన్‌లో రికార్డయిన టైముకు మీరు రాసిన టైం కలిస్తే డాక్టర్‌కు చాలా సంగతులు తెలుస్తాయి. నాతో పాటు చెకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయనకు ఏ ఇబ్బందీ లేదు, కానీ పై గదులు గంటల తరబడి లయ తప్పి కొట్టుకున్నట్టు మిషన్‌లో కనబడింది. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. దానివల్ల రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని ఆయనకు రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు.

కొన్ని దడలు మిషన్ సెట్టింగ్ వల్లే వస్తాయి. తెనాలి రోడ్ల మీద షేర్ ఆటో ఎక్కితే నాకు ఊరికే దడ వచ్చేది. శరీరం కదిలితే మనం నడుస్తున్నామనుకుని వేగం పెంచే సెన్సర్ నా మిషన్‌లో ఉంది. గుంతల్లో ఆటో కుదుపులకు నేను పరిగెడుతున్నానని అనుకునేది పాపం! చెకింగ్‌లో చెబితే ఆ సెన్సర్‌ను కాస్త మందగింపజేశారు.

ఆగకుండా, ఒకే లయలో ఎక్కిళ్లు వచ్చినా, పొట్ట పైభాగం అదురుతున్నా వెంటనే ఫోన్ చేయండి. వైరు నుంచి వచ్చే కరెంటు ఊపిరి కండరానికి తగులుతుండవచ్చు. మిషన్ పెట్టిన చోట ఎర్రబడినా, వాచినా, చీము కారినా అంతే. అక్కడ సూది పెట్టి చీము తీస్తామని ఊళ్లో ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, మిషన్ వేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

సెల్‌ఫోన్ చొక్కా జేబులో వద్దు, మిషన్‌కు అరడుగు దూరం ఉంటే చాలు. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగుల దూరం పాటించాలి, మిక్సీ, టీవీ, మైక్రోవేవ్ మామూలే. బ్యాటరీ అకస్మాత్తుగా అయిపోదు, నెలల ముందే చెకింగ్‌లో తెలుస్తుంది. లోపల పెట్టే మొట్టమొదటి పేస్‌మేకర్‌ను 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకు వేశారు. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆయన మాత్రం ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. పోయింది కూడా గుండె జబ్బుతో కాదు, క్యాన్సర్‌తో. 'మీకిక చావే రాదటగా టీచరుగారూ' అని మా వీధిలో ఒకావిడ అంటుంటుంది. ఆ బెంగ అక్కర్లేదు, పోవాల్సిన రోజు వస్తే మిషన్ ఆపలేదు.

గంటకోసారి ఆక్సిమీటర్ పెట్టడం మాన్పించండి. ఆ అంకె చూసిన టెన్షన్‌కే దడ ఇంకా పెరుగుతుంది. నేను మా ఇంట్లోదాన్ని బీరువాలో పెట్టించాను. చూడాలనిపిస్తే మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టండి, మధ్యలో ఖాళీలు తగులుతున్నాయా గమనించి నోటుబుక్‌లో రాయండి.

ఈ వారంలోనే తీసుకెళ్లండి. ఆయన వాడే మాత్రలన్నీ పట్టుకెళ్లండి, మోకాళ్ల నొప్పులవీ, జలుబువీ కూడా. పొటాషియం, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడాలా అని అడగండి. పేస్‌మేకర్ కార్డు మర్చిపోవద్దు, దాని మీద కంపెనీ, మోడల్ ఉంటాయి. చాలాచోట్ల ఆ కంపెనీ టెక్నీషియన్ వస్తేనే చెకింగ్ జరుగుతుంది, రోజూ రారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆయన ఎప్పుడొస్తారో కనుక్కోండి.