మట్టి చదువుకు వెళ్తున్న చిన్నికి

విజయనగరం

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు నైర వ్యవసాయ కళాశాలలో చేరుతున్నావనీ, డిగ్రీ అయ్యాక మృత్తికా శాస్త్రంలోనే పీజీ చేస్తానని ఇప్పటినుంచే పట్టుపడుతున్నావనీ చెప్పాడు. "డాక్టరు అవుతుందనుకుంటే మట్టి చదువుతానంటోంది, నువ్వైనా చెప్పు అక్కా" అన్నాడు. ముప్పై మూడేళ్లు భూసార పరీక్షా కేంద్రంలో మట్టి జల్లించినదాన్ని, నేనేం చెప్పను? ముందు సంతోషంతో నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దాటాక భయంతో పట్టలేదు. తెల్లారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఆశ్చర్యం మాత్రం కలగలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో మీ అమ్మమ్మగారి తోట చూడటానికి వెళ్లాం కదా. పెద్దవాళ్లమంతా కూలిన కొబ్బరి చెట్లు చూసి ఏడుస్తుంటే, నువ్వు వేళ్లతో సహా లేచిపోయిన ఒక చెట్టు గుంట అంచున కూర్చుని, "అత్తా, పైన ఇసుక ఒక రంగు, కింద ఇంకో రంగు ఎందుకుంది?" అని అడిగావు. మీ అమ్మ కసిరింది. నేను ఆ రోజే అనుకున్నాను.

రసాయన శాస్త్రం గట్టిగా చదువు. గణాంక శాస్త్రం అంటే భయపడకు. రాళ్ల పాఠాన్ని ఎవరూ ఇష్టపడరు, నువ్వు ఇష్టపడు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. అందులోని గోమేదికాల వంటి ఎర్ర గార్నెట్లలో ఇనుము ఉంటుంది. ఆ రాయి శిథిలమైనప్పుడు ఆ ఇనుము తుప్పుపట్టే మన గరువు నేలలకు ఎరుపు వచ్చింది. మీ తాతయ్య చోళ్లు పండించిన చేను రంగు ఆ రాయిదే.

సేంద్రియ కర్బనం కొలిచేటప్పుడు గాఢ గంధకికామ్లం వాడతారు. ఆమ్లాన్ని పలచన చేయాల్సి వస్తే నీళ్లలో ఆమ్లం పొయ్యాలి, ఆమ్లంలో నీళ్లు పొయ్యకూడదు. నా ఎడమ మణికట్టు మీద మచ్చ ఏమిటని చిన్నప్పుడు అడిగేదానివి, వంట చేస్తుంటే కాలిందని చెప్పాను. వంటలో కాలింది కాదు.

ఇంకొక మాట, ఇది మాత్రం ఒట్టు వేసినట్టు విను. నేల పొరలు చూపించడానికి మనిషి లోతు గొయ్యి తవ్విస్తారు. ఇసుక నేలలో ఆ గోడకు బలం ఉండదు. ఒకసారి నా కళ్లముందే ఒక కూలీ నడుము దాకా పూడిపోయాడు. నలుగురం పారలు వదిలేసి చేతులతో తోడాం. బతికాడు. నువ్వు ఎప్పుడూ ఒంటరిగా గొయ్యిలోకి దిగకు. పైన ఒక మనిషి లేకపోతే మార్కులు పోయినా సరే, దిగకు.

మట్టి నమూనా తీయడం మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. గట్టు పక్కన, చెట్టు నీడలో, పెంటకుప్ప ఉన్నచోట తీయకూడదు. 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, పది పదిహేను చోట్ల మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలోకు తేవాలి. ఎరువు సంచిలో వేయకూడదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చి ఉండీ తప్పు చేశాను. మీ నాన్నకు కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. సంతబొమ్మాళి వైపు, నౌపడ ఉప్పు మడులకు అవతల, ఉప్పుటేరు పక్కన ఒక ఊరు. ఒక పెద్దాయన రెండెకరాల మడి చూపించాడు. జూన్ చివర, వారం రోజులు వానలు కురిసి వెలిసిన మర్నాడు. నియమం ప్రకారం 15 సెంటీమీటర్లు తవ్వాను, కలిపాను, సంచిలో కట్టాను. ఆయన గట్టు మీద నిలబడి ఏదో చెప్పబోయాడు. నాకు ఆఖరి బస్సు తొందర. "కాగితం వచ్చాక మాట్లాడదాం తాతా" అని వచ్చేశాను. ప్రయోగశాలలో లవణాల అంకె చాలా తక్కువ వచ్చింది. "ఉప్పు బాధ లేదు, వరి వేసుకోవచ్చు" అని నా చేత్తోనే రాశాను.

ఆగస్టులో రెండు వారాలు వాన పడలేదు. సెప్టెంబరులో వేరే పని మీద అటు వెళ్లాను. చుట్టూ పచ్చగా ఉంది, ఆయన మడి ఒక్కటే గడ్డిరంగులో ఉంది. ఆకుల కొసలు మాడి, మొదళ్ల దగ్గర నేల మీద తెల్లటి పొర. ఆయన నన్ను కేకలెయ్యలేదు. మజ్జిగ ఇప్పించి, "నారు ముదరకుండా నాటేశాను, నాదే తప్పయి ఉంటుందమ్మా" అన్నాడు. నేను కాదనలేదు. తలవంచుకుని మజ్జిగ తాగాను. బస్సులో కూర్చున్నాక గాని ఏం జరిగిందో తట్టలేదు. వాన నీళ్లు ఉప్పును నా గుంట అడుగు కన్నా కిందికి తీసుకుపోయాయి. ఉప్పుటేరు పక్క ఊళ్లో భూగర్భజలం ఎంతో లోతున ఉండదు, అదీ ఉప్పే. ఎండ కాసినకొద్దీ ఆ నీరు పైకి పాకింది, ఆవిరైంది, ఉప్పు వేళ్ల దగ్గర మిగిలిపోయింది. చౌడు అనుమానం ఉన్న నేలను ఎండాకాలంలో చూడాలి, మీటరు లోతు దాకా పొరపొరగా వేరు వేరు సంచుల్లో తీయాలి. నేను వానాకాలంలో పై పొర ఒక్కటే చూసి తీర్పు చెప్పాను.

మరుసటి మే నెలలో సెలవు పెట్టి, నా డబ్బుతో వెళ్లి నాలుగు పొరలు తీశాను. పై పొరలోనే ఉప్పు దండిగా తేలింది. ఆ కాగితం పట్టుకెళ్లి, తప్పు నాదని చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం వైపే చూశాడు. "ఎండల్లో ఇక్కడ నేల మెరుస్తుందమ్మా. మా నాన్న పెద్ద వానలు రెండు పడి, మడి కడిగిపోయాక ముదురు నారే నాటేవాడు. ఉప్పు లేదని మీరు రాశారని ఆ ఏడు ముందే నాటాను" అన్నాడు. గట్టు మీద నిలబడి ఆయన చెప్పబోయింది అదే. దానికి నేను ఒక్క నిమిషం ఇవ్వలేదు. ఆ ఏడు ఆయన కూతురి పెళ్లి వాయిదా పడిందని తరువాత ఇంకెవరో చెప్పారు.

ఇప్పుడు సాయిల్ హెల్త్ కార్డు మీద పన్నెండు అంకెలుంటాయి. 2015లో ఆ పథకం వచ్చినప్పుడు గుట్టలుగా వచ్చిన సంచుల మధ్య నేను కొత్త పిల్లలకు ఒకటే చెప్పేదాన్ని: ఈ మట్టి ఏ రోజు తీశారు, అంతకుముందు వాన పడిందా? విసుక్కునేవారు. నీకూ విసుగెక్కువ చిన్నీ. పరీక్ష అరగంట ముందే రాసేసి, మళ్లీ చూసుకోకుండా బయటికొచ్చే పిల్లవి. అది నన్ను చూసే వచ్చిందని మీ నాన్న అంటాడు. నిజమే, అందుకే ఇంత కోపం వస్తుంది నాకు. గట్టు మీద ఎవరైనా నోరు తెరిస్తే బస్సు పోనీ. తరువాతి బస్సుకు రా, లేకపోతే నాకు ఫోను చెయ్యి, నేను వస్తాను.

ఆఖరి ఏడాది మిమ్మల్ని పల్లెల్లో ఉంచి నేర్పుతారు. ఏ ఊరు ఇచ్చినా ముందు ఆ ఊరి ఆడవాళ్లతో స్నేహం చెయ్యి. మంచినీళ్లు, మరుగుదొడ్డి, మధ్యాహ్నం నీడ వాళ్లే చూపిస్తారు. ఇవేవీ అడగడానికి సిగ్గుపడి ఎండలో నీళ్లు తాగకుండా తిరిగి నేను రెండుసార్లు పడిపోయాను. పంటచేలో పొద్దుపోయాక చెప్పులతో తిరగకు, బూట్లు వేసుకో. గొయ్యి మాట మరచిపోకు.

పాత నూలు చీరలు చింపి మట్టి సంచులు ఇరవై కుట్టాను. ఆదివారం మీ నాన్న వస్తే ఇచ్చి పంపుతాను. ప్రతి సంచికీ లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. పెన్సిలుతోనే రాయి, తడి తగిలితే సిరా కరిగిపోతుంది. పేరుకన్నా ముందు తేదీ వెయ్యి.

మీ అత్త