టెక్ సందేహాలు: దీవిలో మూడు నెలలు, ఇంటిల్లిపాదీ, రెండు ఉద్యోగాలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. కుటుంబంతో కలిసి ఏదైనా ఉష్ణమండల దీవికి వెళ్లి, నెలల తరబడి ఉంటూ, అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకోవడం ఎలా అని. మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవాళ వీటికే జవాబులు.

మేం ఇద్దరం ఉద్యోగస్తులం, ఇద్దరు పిల్లలు. దీవిలో అద్దెకు చూసిన ఇంటి యజమాని ‘100 ఎంబీపీఎస్ వైఫై ఉంది’ అంటున్నారు. మా ఇద్దరి వీడియో కాల్స్‌కి సరిపోతుందా?

ఆ ఒక్క అంకె చూసి అడ్వాన్స్ కట్టకండి. అది దాదాపు ఎప్పుడూ డౌన్‌లోడ్ వేగమే. మీ ఉద్యోగాలు నిలబడేది అప్‌లోడ్ మీద, అంటే మీ వైపు నుంచి డేటా బయటికి వెళ్లే వేగం మీద. నాణ్యమైన వీడియో కాల్‌కి ఒక్కొక్కరికి డౌన్‌లోడ్‌లోనూ అప్‌లోడ్‌లోనూ 3, 4 ఎంబీపీఎస్ చొప్పున చాలు. అంటే అప్‌లోడ్ 10 నిలకడగా వస్తే మీ ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. డౌన్‌లోడ్ 100 ఉండి అప్‌లోడ్ 3 దగ్గర ఆగిపోయే కనెక్షన్లు మాత్రం చాలానే ఉంటాయి.

అప్‌లోడ్ కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. దాన్ని చాలామంది చూడరు. నెట్ ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా, ఇంట్లో అందరూ వాడుతున్నప్పుడు ఆలస్యం ఎంత పెరుగుతోంది అన్నది. పిల్లలు బీచ్‌లో తీసిన వీడియోలు క్లౌడ్‌కి ఎక్కడం మొదలవగానే రౌటర్ దగ్గర పంపాల్సిన డేటా పేరుకుపోతుంది. మీ గొంతును మోసుకెళ్లే చిన్న చిన్న ప్యాకెట్లు ఇరుకు వంతెన మీద లారీల వెనక చిక్కుకున్న సైకిల్లా ఆగిపోతాయి. స్పీడ్ టెస్ట్ చేస్తే అంకె బాగానే కనిపిస్తుంది, కాల్‌లో మాత్రం మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అప్పుడు అందరూ నెట్ స్లో అని తిట్టుకుంటారు. నిజానికి అక్కడ వేగం తగ్గలేదు, క్యూ పెరిగింది.

కాబట్టి యజమానిని ఇలా అడగండి. సాయంత్రం పూట, ఇంట్లోనే, మీరు పని చేసుకోబోయే గదిలో కూర్చుని ఫాస్ట్.కామ్ తెరవమనండి. ఫలితం వచ్చాక ‘షో మోర్ ఇన్ఫో’ నొక్కి స్క్రీన్‌షాట్ పంపమనండి. అందులో అప్‌లోడ్‌తో పాటు ‘అన్‌లోడెడ్’ (నెట్ ఖాళీగా ఉన్నప్పుడు), ‘లోడెడ్’ (వాడుతున్నప్పుడు) అని రెండు లేటెన్సీ, అంటే ఆలస్యం అంకెలు ఉంటాయి. లోడెడ్ 100 మిల్లీసెకన్ల లోపు ఉంటే నిశ్చింతగా వెళ్లండి. 300 దాటితే ఆ ఇంట్లో ఒకరు కాల్‌లో ఉన్నంతసేపూ మిగతావాళ్లు ఫోన్లు పక్కన పెట్టాల్సి వస్తుంది.

దీనికి మందు ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే చిన్న ట్రావెల్ రౌటర్ ఒకటి వెంట తీసుకెళ్లి, యజమాని రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలపండి. మీ పరికరాలన్నీ దీని వైఫైకే కనెక్ట్ చేయండి. ఇందులో క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటుంది. అసలు వచ్చే వేగంలో 85 నుంచి 90 శాతం అంకె అందులో పెడితే, క్యూ మీ రౌటర్ చేతిలోకి వస్తుంది. అది చిన్న ప్యాకెట్లను ముందు పంపేస్తుంది. కొంచెం వేగం వదులుకున్నా కాల్ నిలకడగా ఉంటుంది. ఇంటి నుంచి బయల్దేరకముందే దీన్ని సెట్ చేసి, అన్ని ఫోన్లూ లాప్‌టాప్‌లూ ఒకసారి కలిపి చూసుకోండి. ఫొటోల బ్యాకప్‌ని పగలు ఆపేసి, రాత్రి అందరూ పడుకున్నాక నడవనివ్వండి. విండోస్‌లో ఆ వైఫైని ‘మీటర్డ్ కనెక్షన్’గా మార్చండి, అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి.

మీలో ఎవరైనా రిమోట్ డెస్క్‌టాప్ మీద (ఆఫీసు కంప్యూటర్‌ని దూరం నుంచే తెరిచి) పని చేస్తుంటే దూరం లెక్క కూడా చూసుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికి కనీసం 100 మిల్లీసెకన్లు. ఏ రౌటర్ కొన్నా ఇది తగ్గదు.

ఆ ఇంట్లో శాటిలైట్ నెట్ అంటున్నారు. పనికొస్తుందా?

ఏ శాటిలైట్ అని అడగండి. పాత పద్ధతిలో భూస్థిర కక్ష్యలో ఉండే ఉపగ్రహం భూమికి 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది. మీ మాట అక్కడికి ఎక్కి దిగి, జవాబు మళ్లీ ఎక్కి దిగాలి. అర సెకను పైనే పోతుంది. మెయిల్ చదువుకోవచ్చు, కాల్‌లో మాత్రం ఒకరి మాట మీద ఒకరు పడుతూనే ఉంటారు. స్టార్‌లింక్ లాంటివి సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి కాల్స్‌కి బాగానే పనికొస్తాయి. కుండపోత వాన కురిసినప్పుడు కాసేపు పోవచ్చు. డిష్‌కి ఆకాశం అడ్డం లేకుండా కనిపించాలి. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లుంటే డిష్ ఫొటో పంపమని తప్పకుండా అడగండి.

ఫైబర్ ఉంది కదా, బ్యాకప్‌గా ఇంకో కనెక్షన్ అవసరమా?

అవసరమే. చాలా దీవుల ఇంటర్నెట్ ఒకటి రెండు సముద్ర కేబుళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలినప్పుడు పసిఫిక్ దీవుల దేశం టోంగాకి వెళ్లే కేబుల్ తెగిపోయింది. ప్రధాన దీవికి ఆ కేబుల్ బాగుపడేసరికి దాదాపు ఐదు వారాలు పట్టింది. అంతటి ఘటన అరుదే. అయినా అలా జరిగితే ఇంటి ఫైబర్, మొబైల్ డేటా రెండూ కలిసే పోతాయని గుర్తుంచుకోండి, రెండూ అదే కేబుల్ మీద నడుస్తుంటాయి. ఆ రోజుల్లో ఆదుకునేది శాటిలైటే. అందుకే మీకు దగ్గర్లో శాటిలైట్ నెట్ ఉన్న కేఫో హోటలో ఎక్కడుందో మొదటి వారంలోనే తెలుసుకుని పెట్టుకోండి.

రోజువారీ ఇబ్బంది మాత్రం కరెంటు. కరెంటు పోయినా వీధిలో ఫైబర్ చాలాసార్లు బతికే ఉంటుంది, ఆరిపోయేది మీ ఇంట్లోని మోడెమ్, రౌటరే. రెండింటినీ బ్యాటరీతో నడిపే చిన్న డీసీ యూపీఎస్ ఒకటి పెడితే గంటో రెండు గంటలో నెట్ ఆగదు. లాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ ఉంటుంది. నన్నడిగితే, ఈ ప్రయాణానికి కొనే వస్తువుల్లో మొదటిది ఇదే కావాలి.

విమానంలో యూపీఎస్, పవర్‌బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో కుదరదు. ఒక్కోటి 100 వాట్ అవర్ (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాటకుండా చూసుకోండి. 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ సుమారు 74 వాట్ అవర్ అవుతుంది కాబట్టి పర్వాలేదు. ప్లగ్ అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. ఛార్జర్ మీద 100-240 వోల్ట్ అని ఉంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. హెయిర్ డ్రయర్ లాంటివాటిని చూడకుండా పెట్టకండి.

అక్కడి ఈసిమ్ తీసుకుంటే మా బ్యాంకు ఓటీపీలు వస్తాయా?

ప్రయాణికులకు అమ్మే ఈసిమ్‌లు (కార్డు లేకుండా ఫోన్‌లోనే లోడ్ అయ్యే సిమ్‌లు) ఎక్కువగా డేటా కోసమే. ఓటీపీ మీ పాత నంబరుకే వస్తుంది, కాబట్టి ఆ సిమ్ ఫోన్‌లోనే ఉండాలి. దాని డేటా రోమింగ్ ఆపేసి, ఎస్ఎంఎస్ రోమింగ్ ఉంచమని బయల్దేరే ముందే మీ ఆపరేటర్‌ని అడగండి. వైఫై కాలింగ్ విదేశాల్లో కూడా పనిచేస్తుందేమో అప్పుడే కనుక్కోండి.

దీవిలో ఫోన్ నీళ్లలో పడటం చాలా మామూలు సంగతి. ఫోన్ పోతే అందులోని ఈసిమ్ కూడా పోతుంది. కొత్తది తీసుకోవాలంటే ఓటీపీ అడుగుతారు, ఆ ఓటీపీ పోయిన ఫోన్‌కే వస్తుంది. అందుకే ముఖ్యమైన ఖాతాలన్నిటికీ ఆథెంటికేటర్ యాప్ (ఎస్ఎంఎస్ లేకుండా కోడ్ చూపేది) గానీ పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్) గానీ పెట్టుకుని, అవి భార్యాభర్తలిద్దరి పరికరాల్లోనూ ఉండేలా చూడండి. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టులతో పాటు దాచండి.

ఆఫీసుకి చెప్పకుండా వీపీఎన్ పెట్టుకుని పనిచేస్తే ఏమవుతుంది?

దయచేసి ఆ పని చేయకండి. వీపీఎన్ ఐపీ చిరునామాను, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నంబరును దాస్తుంది, అంతే. లాప్‌టాప్ టైమ్‌జోన్, చుట్టూ ఉన్న వైఫైల పేర్లు, కంపెనీ పెట్టిన మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్, ఫోన్ రోమింగ్ ఇవన్నీ మీరు ఎక్కడున్నారో చెబుతూనే ఉంటాయి. దొరికితే ఉద్యోగమే పోవచ్చు, అప్పుడు పిల్లలతో సహా పరాయి చోట ఉంటారు. పైగా ఇది సాఫ్ట్‌వేర్‌తో తేలే విషయం కాదు. చాలా దేశాల్లో 183 రోజులు దాటితే పన్ను నివాసి అయ్యే అవకాశం ఉంది, టూరిస్ట్ వీసా మీద పని చేయడంపై కొన్నిచోట్ల నిషేధం ఉంది. బార్బడోస్ 2020లో ఇలా దూరం నుంచి పనిచేసేవాళ్ల కోసం 12 నెలల ‘వెల్కమ్ స్టాంప్’ వీసా తెచ్చింది, కుటుంబంతో కూడా రావచ్చు. మారిషస్ ప్రీమియం వీసా కూడా ఇలాంటిదే. ఇలాంటి దారి ఉన్న దీవినే ఎంచుకుని, హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

ఎండ, ఉప్పుగాలి, తేమ వల్ల పరికరాలు పాడవుతాయా?

పాడవుతాయి, నెమ్మదిగా. ఐఫోన్, మ్యాక్‌బుక్‌లకి ఆపిల్ చెప్పే హద్దు 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత. ఎండలో పెట్టిన ఫోన్ నిమిషాల్లో ఆ హద్దు దాటుతుంది. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పడుతుంది. ఏసీ గది నుంచి కెమెరాని బయటికి తెచ్చేటప్పుడు మూసిన సంచిలోనే కాసేపు ఉంచితే లెన్స్ మీద తేమ పట్టదు. కెమెరా, హార్డ్‌డిస్కులు సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో ఉండనివ్వండి. లాప్‌టాప్ రోజంతా ఛార్జర్‌కే ఉంటుంది కాబట్టి బ్యాటరీ పరిమితి 80 శాతానికి పెట్టండి. వేడి, నిండు ఛార్జ్ రెండూ కలిస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

ఫోన్ సముద్రపు నీళ్లలో పడితే బియ్యంలో పెట్టకండి, ఆపిల్ కూడా వద్దనే చెబుతోంది. నీళ్లను తట్టుకునే మోడల్ అయితే మంచినీళ్లతో కడిగి తుడిచి, పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి ఆడే చోట ఆరనివ్వండి. పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టొద్దు.

పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, మా మీటింగులు ఒకే సమయానికి పడితే?

క్యాలెండర్‌లో ఆఫీసు టైమ్‌జోన్, దీవి టైమ్‌జోన్ రెండూ పక్కపక్కన కనిపించేలా పెట్టుకుని, ఏ గంటలో ఎవరు లైవ్‌లో ఉంటారో ముందే పంచుకోండి. రికార్డు చేసిన పాఠాలుంటే రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టండి. తప్పనిసరిగా ముగ్గురు ఒకేసారి కాల్‌లో ఉండాల్సి వస్తే పెద్దవాళ్లు కెమెరా ఆపేయండి. గొంతుకి 100 కేబీపీఎస్ (0.1 ఎంబీపీఎస్) చాలు. పిల్లల వీడియో మాత్రం ఆపకండి, టీచర్ ముఖం కనిపించడం వాళ్లకి అవసరం.