తుపాకీ కర్రకు రబ్బరు ప్యాడ్, కొత్త మెరుగు

ప్రశ్న: నాన్నగారి తదనంతరం నా లైసెన్సు మీదికి వచ్చిన 12 బోరు జోడు గొట్టాల తుపాకీ పేల్చినప్పుడల్లా భుజాన్ని గట్టిగా తన్నుతోంది. వెనుక రబ్బరు ప్యాడ్ బిగించి, పెచ్చులు లేస్తున్న వార్నిషు తీయించి, కర్రకు మెరుగు పెట్టించాలనుకుంటున్నాను. మా ఊరి వడ్రంగికి ఇవ్వవచ్చునా?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఇవ్వకండి. ఆయన పనితనాన్ని శంకించి చెబుతున్న మాట కాదిది. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకులు మరమ్మతు చేసేవారికి అందుకు తగిన లైసెన్సు ఉండాలి. అటువంటి దుకాణానికే మీ లైసెన్సుతో సహా తీసుకువెళ్లండి. అయితే ఏమి చేయించాలో మీకూ తెలిసి ఉండాలి.

రెండు ట్రిగ్గర్లలో ముందున్న దాని నుంచి కర్ర వెనుక అంచు మధ్య వరకు గల దూరమే అసలు కొలత; సగటు మనిషికి అది సుమారు 14 నుంచి 14.5 అంగుళాలు ఉంటుంది. ఇప్పుడున్న పొడవు మీకు సరిపోతున్నట్లయితే, పావు అంగుళం మందపు పాత పలక తీసి అంగుళం ప్యాడ్ పెట్టేటప్పుడు కర్రను ముప్పావు అంగుళం మాత్రమే కోయాలి. పొట్టిగా ఉంటే కోత అవసరమే లేకపోవచ్చు. కోత గీత చుట్టూ టేపు అంటిస్తే అంచు పెచ్చులూడదు.

మన డెల్టాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ కోత ముఖం. కర్ర తేమను ఎక్కువగా పీల్చుకునేది పోగులు తెరుచుకున్న ఆ చివరి నుంచే కాబట్టి, ప్యాడ్ బిగించే ముందు కోత ముఖానికీ, స్క్రూల రంధ్రాలకూ వార్నిషు పట్టించమని అడిగి మరీ చేయించుకోండి. పైకి కనిపించని పని గనుక చాలామంది దీన్ని వదిలేస్తారు. అలా వదిలేస్తే వానాకాలంలో కర్ర ఉబ్బి, వేసవిలో కుంచించుకుని, ప్యాడ్‌తో కలిసే అంచు ఎగుడుదిగుడవుతుంది.

పాత వార్నిషును గీకించకుండా రిమూవరుతో మెత్తబరచి తీయించండి. పట్టు దగ్గర చెక్కిన గళ్ల మీద గరుకు కాగితం తగలనివ్వకూడదు. ఇనుమును ఆనుకున్న అంచుల్లో ఎక్కువగా రుద్దితే కర్ర లోపలికి దిగి, ఇనుము పైకి తేలుతుంది. చిన్న సొట్టలు తడిగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి లేస్తాయి. తరువాత అవిసె నూనెను పలుచగా పట్టించి, మిగులు తుడిచి, ఆరాకే మరో పూత వేయాలి. ముసురులో ఈ నూనె ఆరక జిగటగా నిలిచిపోతుంది కనుక తొలకరికి ముందే ఈ పని ముగించండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి.