నీళ్లలో డ్రై ఐస్ వేస్తే వచ్చే తెల్లటి పొగ ఏమిటి? ముక్క మిగిలుండగానే అది ఎందుకు ఆగిపోతుంది?

మీరు అడిగినవి రెండు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ కదా, ఆ పొగంతా కార్బన్ డయాక్సైడేనా? మొదట్లో అంత జోరుగా వచ్చిన పొగ, ముక్క ఇంకా అయిపోకముందే ఎందుకు తగ్గిపోతుంది? కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకి ఈ డెమో చేసి చూపించడం నా పనిలో భాగం. ఈ రెండూ దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

పొగ కార్బన్ డయాక్సైడ్ కాదు. ఆ గ్యాస్‌కి రంగు లేదు, కంటికి కనపడదు. మీరు చూసే తెలుపంతా గాలిలో తేలే సన్నటి నీటి తుంపర. ఇంతవరకు చాలామంది సరిగ్గానే చెబుతారు. ఆ నీళ్లు ఎక్కడివి అంటే మాత్రం 'గాలిలో ఉన్న తేమ చల్లబడి అలా అవుతుంది' అంటారు. పాత్ర పైన కొంత అలా జరుగుతుంది కానీ, ఎక్కువ భాగం వచ్చేది పాత్రలో ఉన్న నీళ్ల నుంచే. ముక్క నుంచి బయటపడ్డ ప్రతి బుడగలోనూ బాగా చల్లటి గ్యాస్ ఉంటుంది, చుట్టూ గోరువెచ్చటి నీళ్లుంటాయి. ఆ నీళ్లు బుడగలోకి ఆవిరవుతాయి, ఆ ఆవిరి లోపలి చలికి వెంటనే తుంపరగా మారుతుంది. అంటే బుడగ పైకి చేరేసరికే పొగతో నిండి ఉంటుందన్నమాట.

నమ్మకం కుదరకపోతే ఆ నీళ్లలో కొంచెం సబ్బు ద్రావణం కలపండి. బుడగలు పగలకుండా పైన గుట్టగా పేరుకుంటాయి. బయటి గాలి తగలకపోయినా ఒక్కొక్కటీ లోపల పాలలా తెల్లగా కనిపిస్తుంది. వేలితో ఒకదాన్ని పొడిస్తే ఆ తెలుపు పైకి లేవదు, బీకరు అంచు మీదుగా కిందికి జారుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, పైగా చల్లగా ఉంటుంది కాబట్టి తుంపరని కూడా తనతో కిందికి లాక్కుపోతుంది. నీళ్లకు బదులు నూనెలో వేస్తే బుడగలు బాగానే వస్తాయి కానీ పొగ బాగా తక్కువ. నాకు ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న. జాగ్రత్తగా గమనిస్తే ముందు తగ్గేది పొగ, తర్వాత తగ్గేవి బుడగలు. రెంటికీ కారణాలు వేరు.

పొగ తగ్గడానికి కారణం నీళ్లు చల్లబడటం. డ్రై ఐస్ మామూలు వాతావరణ పీడనంలో ద్రవంగా మారదు, అందుకు కనీసం 5.1 అట్మాస్ఫియర్ల పీడనం కావాలి. కాబట్టి మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఘనం నుంచి నేరుగా గ్యాస్ అవుతుంది, దానికి కావలసిన వేడిని నీళ్ల నుంచి లాగేస్తుంది. 100 గ్రాముల ముక్క పూర్తిగా ఆవిరయ్యేసరికి లీటరు నీళ్లు సుమారు 14 డిగ్రీలు చల్లబడతాయి. నీళ్లు చల్లబడేకొద్దీ బుడగల్లోకి చేరే ఆవిరి తగ్గిపోతుంది. 50 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 0 డిగ్రీల దగ్గర ఉన్నదానికి 20 రెట్లు. అందుకే వేడి నీళ్లలో గది నిండిపోయేలా వచ్చే పొగ, చన్నీళ్లలో అదే ముక్క వేస్తే నామమాత్రంగా వస్తుంది.

బుడగలు తగ్గే కథ వేరు. డ్రై ఐస్ సాంద్రత నీళ్లకంటే ఒకటిన్నర రెట్లు, అందుకే వేయగానే అడుక్కి పోతుంది. మొదట్లో ముక్క చుట్టూ గ్యాస్ పొర ఒకటి ఉంటుంది కాబట్టి నీళ్లు దాన్ని నేరుగా అంటుకోవు. నీళ్లు బాగా చల్లబడ్డాక ముక్క మీద అక్కడక్కడా మామూలు మంచు పేరుకోవడం మొదలవుతుంది. బీకరు దగ్గర చెవి పెట్టి వింటే చిటపటమని చిన్న శబ్దాలు వస్తాయి. ఆ మంచు పెంకు ముక్కని కప్పేసి బయటి వేడిని లోపలికి రానివ్వదు, దాంతో గ్యాస్ నెమ్మదిస్తుంది. పెంకులో చిరుగులాంటి కన్నం ఒకటి ఉంటుంది, అందులోంచి బుడగలు సన్నటి దారంలా వస్తుంటాయి. లోపల గ్యాస్ చేరి గడ్డ తేలికైనప్పుడు పైకి తేలుతుంది కూడా. అలా తేలినదాన్ని పటకారుతో తీసి పగలగొట్టి చూస్తే బయట గాజులాంటి మంచు, మధ్యలో ఇంకా పొడిగా తెల్లటి డ్రై ఐస్ కనిపించింది. చివరిదాకా వదిలేస్తే మిగిలేది లోపల బోలుగా ఉన్న మంచు గడ్డ. డ్రై ఐసే మంచుగా మారిందని వాదించే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. ఆ గడ్డ పూర్తిగా బీకరులోని నీళ్లే.

మరో చిన్న సంగతి. కొంత గ్యాస్ నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. కాస్త క్షారం కలిపిన నీళ్లలో బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లమో క్షారమో రంగుతో చూపించే ద్రావణం) వేసి ఉంచితే, ముక్క పడగానే నీలం పోయి ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు అవుతుంది. చూడటానికి పొగకంటే ఇదే నాకు ఇష్టం.

పొగ ఎక్కువసేపు కావాలంటే పెద్ద ముక్క ఒకేసారి పడేయకండి. వేడి నీళ్లు పోసిన వెడల్పాటి పాత్రలో చిన్న ముక్కలు కొన్ని కొన్నిగా వేస్తూ, చల్లబడ్డ నీళ్లు పారబోసి మళ్లీ వేడి నీళ్లు పోయండి.

జాగ్రత్తల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కిలో డ్రై ఐస్ నుంచి సుమారు 540 లీటర్ల గ్యాస్ వస్తుంది. మూత బిగించిన సీసాలో వేస్తే అది బాంబే, సరదాకి కూడా చేయకండి. మూసిన చిన్న గదిలో, కారులో అద్దాలెత్తి అసలు వద్దు. గ్యాస్ నేల దగ్గర చేరుతుంది కాబట్టి నేల మీద కూర్చుని పొగలో మొహం పెట్టే చిన్నపిల్లలకే ముందు ఊపిరాడదు. వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది, మందపాటి గ్లౌజులు గానీ పటకారు గానీ వాడండి. మిగిలిన ముక్కల్ని సింకులో పడేయకండి, ఆ చలికి పింగాణీ పగలొచ్చు. మూత వదులుగా ఉన్న థర్మోకోల్ పెట్టెలో, గాలి ఆడే చోట, పిల్లలకి అందకుండా పెడితే మర్నాటికో ఆ మరుసటి రోజుకో దానంతటదే పోతుంది.