హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో ఎత్తిపోతల వెళ్ళి రావచ్చా?

మీరు అడిగినవి మూడు. డెబ్భై దాటిన అమ్మానాన్నలతో, ఇద్దరు చిన్నపిల్లలతో కారులో పొద్దున్నే బయల్దేరి నాగార్జునసాగర్ దగ్గరున్న ఎత్తిపోతల జలపాతం చూసుకుని రాత్రికి ఇల్లు చేరగలమా? పిల్లలు నీళ్ళలో ఆడుకోవచ్చా? సాగర్ జలాశయంలో దీవిలా ఉన్న నాగార్జునకొండ కూడా అదే రోజు కలుపుకోవచ్చా? చేరగలరు. ఆడుకోకూడదు. మూడోది కుదిరితే కుదురుతుంది గానీ మీ వాళ్ళతో మాత్రం వద్దంటాను.

మా అమ్మగారి ఊరు మాచర్ల. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి ఈ దారిలో తరచూ తిరుగుతుంటాను. ఇంటికి ఏ చుట్టాలొచ్చినా ఎత్తిపోతల చూపించే డ్యూటీ నాదే.

ముందు నీళ్ళ సంగతి చెప్తాను, ఎక్కువమంది నిరాశపడేది అక్కడే. సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూడగానే ఎత్తిపోతల కూడా ఉప్పొంగుతూ ఉంటుందనుకుని బయల్దేరుతారు. ఇక్కడ దూకేది కృష్ణ కాదు, చంద్రవంక. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి దగ్గర పారే వాగే ఇది. నక్కల వాగు, తుమ్మల వాగు దీంతో కలిశాక సుమారు 70 అడుగుల ఎత్తునుంచి కిందికి పడుతుంది. అక్కణ్ణుంచి లోయలో ఓ మూడు కిలోమీటర్లు పారి, డ్యామ్‌కి దిగువన కృష్ణలో కలుస్తుంది. సాగర్ గేట్లు ఎత్తాలంటే ఎక్కడో మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలు పడి, శ్రీశైలం నిండి, ఆ వరద ఇక్కడిదాకా రావాలి. చంద్రవంకకు నీళ్ళు రావాలంటే పల్నాడులో వాన పడాలి. రెండూ ఒకే వారంలో జరగాలన్న రూలేమీ లేదు. గేట్లన్నీ ఎత్తి ఉన్న రోజున ఎత్తిపోతలలో సన్నటి పాయలే కనిపించడం నేను చూశాను. గేట్లు దించేశాక, అక్టోబర్‌లో వాయుగుండం పట్టి వానలు కురిసినప్పుడు కొండంతా నీళ్ళే అయిపోవడమూ చూశాను.

అలాగని సాగర్‌తో బొత్తిగా సంబంధం లేదని కాదు. ఎగువన ఉన్న కాలువల నుంచి కొంత నీరు వాగులోకి వదులుతారు, సందర్శకుల కోసమనే. అందుకే వానలు లేని నెలల్లో కూడా జలపాతం పూర్తిగా ఎండిపోకుండా ఎంతో కొంత పారుతూ ఉంటుంది. కానీ ఆ ధారను చూడ్డానికి హైదరాబాద్ నుంచి రావడం దండగ. నన్నడిగితే సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా, అందులోనూ మాచర్ల వైపు వాన పడిన రెండు మూడు రోజులకు రండి. వాన పడిన మర్నాడే వస్తే నీరు ఎర్రగా, బురదగా ఉంటుంది, హోరు మాత్రం బ్రహ్మాండం. రెండు రోజులు ఆగితే నీళ్ళు తేటపడి, ధారలు విడివిడిగా తెల్లగా కనిపిస్తాయి. ఫోటోలు కావాలంటే రెండోదే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆలోచనే పెట్టుకోవద్దు. వేసవిలో ఎండల వార్తల్లో రెంటచింతల పేరు వినే ఉంటారు కదా, ఆ ఊరు ఇక్కడికి దగ్గరే.

ఇంతకీ అక్కడ చూసేదేమిటి? జలపాతానికి ఎదురుగా ఉన్న కొండ అంచున టూరిజం వాళ్ళు వ్యూ పాయింట్ కట్టారు. కారు దిగి కొద్దిగా నడిస్తే చాలు, పెద్దవాళ్ళకు ఇబ్బంది ఉండదు. అక్కణ్ణుంచి ధారలు, కింద మడుగు, మడుగు నుంచి వంపు తిరుగుతూ పోయే లోయ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. చాలామంది జలపాతం ముందు సెల్ఫీ తీసుకుని పది నిమిషాల్లో తిరిగిపోతారు. నా దృష్టిలో సగం అందం లోయలోనే ఉంది. రెండు పక్కలా రాయి పలకలు పలకలుగా, దొంతర పేర్చినట్టు ఉంటుంది. ఇలాంటి చోట్ల నీళ్ళు పడే అంచు ఎప్పటికీ ఒకే దగ్గర ఉండదు. నీటి తాకిడికి అడుగున రాయి తొలిచినట్టయి, పైన ఆధారం లేని పలకలు విరిగిపడుతుంటాయి. అలా అంచు వేల ఏళ్ళుగా కొంచెం కొంచెం వెనక్కి జరిగితే, ముందున్న దారి లోయగా మిగులుతుంది. కాస్త పెద్ద పిల్లలైతే ఈ మాట చెప్పి చూపించండి, ఊరికే నీళ్ళు చూడ్డం కంటే శ్రద్ధగా చూస్తారు. కాకపోతే లోయ అన్నానని గండికోటను ఊహించుకోకండి. పెన్న తొలిచిన ఆ లోయ ముందు ఇది చాలా చిన్నది.

పిల్లలు నీళ్ళలో ఎందుకు దిగకూడదంటే, కింద మొసళ్ళున్నాయి. మాట వరసకు అనడం లేదు. జలపాతం కింది మడుగు దగ్గరే మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది. ఓపిగ్గా చూస్తే పై నుంచి కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి, బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్ళండి. మా అక్క కొడుకు ఒకసారి 'మామయ్యా, ఆ బండ కదిలింది' అని అరిస్తే చుట్టుపక్కల వాళ్ళంతా సెల్ఫీలు మానేసి రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. అదైతే సరదానే గానీ, కంచె దాటి రాళ్ళ మీదికి దిగే కుర్రాళ్ళను చూస్తే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. మొసలి సంగతి అటుంచండి, పాకుడు పట్టిన రాయి మీద కాలు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు.

జలపాతం పక్కన దత్తాత్రేయస్వామి గుడి ఉంది. దానికి మెట్లు దిగాలి. దిగేటప్పుడు ఏమీ అనిపించదు, ఎక్కేటప్పుడు మోకాళ్ళు గుర్తుచేస్తాయి. మీ అమ్మానాన్నలు పైనుంచే దణ్ణం పెట్టుకోవడం మంచిది.

పిల్లలు నీళ్ళలో తడిస్తే తప్ప ట్రిప్ అనిపించుకోదంటే ఎత్తిపోతల వదిలేసి నల్లమలలోని మల్లెలతీర్థం గురించి ఆలోచించండి. శ్రీశైలం రోడ్డులో వటవర్లపల్లి దగ్గర మలుపు తిరగాలి. కాకపోతే అక్కడ వందల మెట్లు దిగి ఎక్కాలి, అంటే పెద్దవాళ్ళు కారులో కూర్చోవాల్సిందే.

ఇక నాగార్జునకొండ. చూడదగ్గది కాదని అనను, నా లెక్కలో ఎత్తిపోతల కంటే పదిరెట్లు విలువైన చోటు. ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపారు. దొరికిన వాటిని కొండ మీదికి చేర్చారు. నీళ్ళు నిండాక ఆ కొండే దీవి అయింది. అంత చరిత్రను 'పడవ ఎక్కాం, దిగాం' అన్నట్టు చూడకూడదు. పైగా అక్కడ టైమ్ మన చేతిలో ఉండదు. లాంచీ ఎక్కాలంటే జనం నిండేదాకా ఆగాలి, నీటి మట్టాన్ని బట్టీ గాలిని బట్టీ ఒక్కోసారి అసలు తిప్పరు. వెళ్ళడానికే ముప్పావు గంట పైన పడుతుంది, రావడానికీ అంతే. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇవన్నీ కలిసొచ్చినా పూట గడిచిపోతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నప్పుడు అది ఇంకో రోజుకు పెట్టుకోండి.

దానికి బదులు అనుపు వెళ్ళండి. డ్యామ్‌కి ఆంధ్ర వైపున్న విజయపురి సౌత్ అనే ఊరి నుంచి కారులోనే వెళ్ళొచ్చు, పడవ అక్కర్లేదు. ముంపు ప్రాంతం నుంచి తరలించి తిరిగి నిర్మించిన విహారాలు, మెట్ల వరసలతో ఉన్న రంగస్థలం అక్కడే ఉన్నాయి. పిల్లలు ఆ మెట్ల మీద పరిగెత్తుతుంటే పెద్దవాళ్ళు హాయిగా కూర్చోవచ్చు. ఎదురుగా జలాశయం. జనం తక్కువ, అదొక సుఖం.

నేనైతే రోజును ఇలా నడుపుతాను. ఐదున్నరకల్లా ఇల్లు కదిలి, ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా సాగర్. ఆ నూట యాభై కిలోమీటర్లలో ఎక్కడో ఒకచోట టిఫిన్ చేసి, సాగర్‌లో ఆగకుండా వంతెన దాటి నేరుగా ఎత్తిపోతలకు పోతాను. డ్యామ్ నుంచి మాచర్ల వైపు పదకొండు కిలోమీటర్లు. ఎండ ముదరకముందు, బస్సుల్లో గుంపులు దిగకముందు జలపాతం చూసేయాలి. తర్వాత అనుపు. భోజనానికి సాగర్, ఆ వేడి వేడి చేపల వేపుడు వదలొద్దు. శాకాహారులైతే ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చుకోవడమే నయం. వ్యూ పాయింట్ దగ్గర మాత్రం సంచి విప్పకండి. కోతులు మీ అనుమతి అడగవు.

గేట్లు ఎత్తిన శనివారం, ఆదివారాల్లో సాగర్ దగ్గర ట్రాఫిక్ గంటల తరబడి కదలదు. ఆ రోజుల్లో మీ ప్లాన్ మార్చుకోండి, లేదా మామూలు పనిదినం చూసుకోండి. గేట్లు ఎత్తని రోజున తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గర డ్యామ్‌ను తీరిగ్గా చూసుకోవచ్చు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ డ్యామ్‌ను కాంక్రీటుతో కాదు, రాతితో కట్టారు. మీ నాన్నగారి వయసు వాళ్ళకు దాని చుట్టూ ఎన్నో జ్ఞాపకాలు ఉంటాయి, అడిగి చూడండి. ఓపిక మిగిలితే తెలంగాణ వైపు బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్క్ కూడా దారిలోనే ఉంది.

కారు లేనివాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, హైదరాబాద్ నుంచి సాగర్ మీదుగా మాచర్ల వెళ్ళే ఆర్టీసీ బస్సులున్నాయి. సాగర్‌లోనో మాచర్లలోనో దిగి ఆటో మాట్లాడుకోండి, రానూపోనూ, అక్కడ ఆగే టైమ్‌తో కలిపి ముందే బేరం తేల్చుకోండి. గుంటూరు వైపు వాళ్ళకు మాచర్ల దాకా రైలు కూడా ఉంది. కారులో వచ్చేవాళ్ళు పెట్రోలు తెలంగాణలోనే కొట్టించుకోండి, వంతెన దాటితే లీటరుకు కాస్త ఎక్కువ పడుతుంది.