చెన్నైలో పుట్టిన పాప జననాన్ని నెల్లూరులో నమోదు చేయించవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. నా భర్త ఉద్యోగరీత్యా చెన్నైలోని వేళచ్చేరిలో ఉంటున్నాము. 4 నెలల క్రితం ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాప పుట్టింది. ఆ వారంలోనే మామగారు కాలం చేయడంతో మైల వచ్చి బారసాల ఆగిపోయింది. పేరు పెట్టలేదు కనుక జనన ధ్రువీకరణ పత్రం కోసం వెళ్లలేదు. గడువు దాటిపోయిందనీ, పాప నెల్లూరులో పుట్టినట్టు రాయిస్తే రేపు స్థానికతకు కూడా పనికొస్తుందనీ బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: బంధువుల సలహా మేలు కోరి చెప్పిందే అయినా దయచేసి పాటించకండి. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడి రిజిస్ట్రారు వద్దే జననం నమోదు కావాలి. తల్లిదండ్రుల సొంత ఊరికి, ఆధార్‌లోని చిరునామాకు ఇందులో పాత్ర లేదు. పుట్టిన చోటు గురించి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం. ఇక స్థానికత విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అది బిడ్డ ఎన్నేళ్లు ఎక్కడ చదివింది, ఎక్కడ నివసించింది అన్నదానిపై ఆధారపడుతుంది తప్ప పుట్టిన ఊరిపై కాదు. అంటే లేని ప్రయోజనం కోసం పసిబిడ్డ మొదటి పత్రంలోనే అబద్ధం రాయించినట్టవుతుంది.

మీరు గడువు దాటిపోయిందని దిగులు పడుతున్నారు గానీ, బహుశా దాటి ఉండదు. కాన్పు ఆసుపత్రిలో జరిగితే 21 రోజుల్లోగా సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఆసుపత్రిదే, మీది కాదు. పేరు లేకపోయినా జననం నమోదవుతుంది. మన ఇళ్లలో బారసాల తరచు ఇరవై ఒకటో రోజున జరగడం వల్ల కాబోలు, పేరు పెట్టాకే నమోదు అన్న అపోహ చాలామందిలో ఉంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తరువాత కూడా 15 ఏళ్ల వరకు రుసుము చెల్లించి చేర్పించే వీలుంది. కనుక మీ చేతిలో ఇంకా నెలల వ్యవధి ఉంది.

ముందుగా డిశ్చార్జి సమ్మరీతో ఆసుపత్రి రికార్డుల విభాగానికి వెళ్లి, వివరాలు గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌కు ఏ తేదీన పంపారో అడిగి తెలుసుకోండి. నమోదై ఉంటే పేరు చేర్చమని కార్పొరేషన్‌కే దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ దశలో తొందర వద్దు, ఎందుకంటే ఒకసారి నమోదైన పేరును మార్చడం చేర్చినంత సులువు కాదు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా రాయడం వాడుక. మీరు ఇంటిపేరు పూర్తిగా ఉండాలనుకుంటే దరఖాస్తులోనే అలా రాయండి. తమిళంలో క, గ లకు ఒకే అక్షరం కాబట్టి, పత్రంలోని ఇంగ్లీషు స్పెల్లింగును ఒక్కొక్క అక్షరం సరిచూసుకోవాలి. మీ ఇద్దరి పేర్లు కూడా ఆధార్, పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండాలి. 2023 సవరణ వల్ల ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన వారికి బడి ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు వంటి వాటికి పుట్టిన తేదీకి, స్థలానికి రుజువు ఈ పత్రమే కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

ఒకవేళ ఆసుపత్రి అసలు వివరాలే పంపలేదని తేలితే, జాప్యం 30 రోజులు దాటి ఏడాది లోపే ఉంది కనుక జిల్లా రిజిస్ట్రారు రాతపూర్వక అనుమతితో, ఆలస్య రుసుము కట్టి నమోదు చేయించవచ్చు. ఏడాది దాటితే మాత్రం మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కనుక పేరు నిదానంగా నిర్ణయించుకున్నా, నమోదు జరిగిందో లేదో ఈ వారంలోనే కనుక్కోండి. లోపం ఆసుపత్రిదైతే, పుట్టిన తేదీ, సమయం తెలుపుతూ వారి నుంచి ఒక లేఖ తీసుకుని దరఖాస్తుకు జతపరచండి.